రాజకీయాల్లోకి వెళ్లేముందు ఏ పని చేసి ఉండాలి?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. చదువు అవగానే పూర్తికాలం పార్టీ పనిలో చేరి, ఎన్నికల్లో పోటీ చేస్తానని పట్టుబడుతున్నాడు. ముందు ఏదైనా ఉద్యోగం చేయమని మేమంటున్నాం. పదవి ఆశించేవారికి ఎలాంటి అనుభవం ఉండాలి?

జవాబు: మీ అబ్బాయి కోరికను కాదనవలసిన పని లేదు కానీ, మీ మాటలోనూ న్యాయం ఉంది. ఫలానా వృత్తి చేసినవారే మంచి పాలకులవుతారని చెప్పడానికి ఆధారం లేదు. జర్మనీ మాజీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) ఆంగెలా మెర్కెల్ భౌతికశాస్త్ర పరిశోధకురాలిగా పనిచేసి, 35 ఏళ్లు వచ్చాకే రాజకీయాల్లో అడుగుపెట్టారు. విలియం పిట్ 1783లో 24 ఏళ్లకే బ్రిటన్ ప్రధాని అయ్యారు. అయితే ఆయన తండ్రి కూడా ప్రధానిగా చేసినవారేనని, అటువంటి శిక్షణ అందరికీ ఇంట్లో దొరకదని మీ అబ్బాయికి గుర్తుచేయండి.

నేను డిగ్రీ పేరు కన్నా ముందు చూసేది, ప్రభుత్వ నియమం సామాన్యుడిని తాకే చోట ఆ వ్యక్తి కొంతకాలమైనా పనిచేశాడా లేదా అన్నది. పింఛను దరఖాస్తులో పేరు ఒక అక్షరం తేడాగా ఉందని ఒక వృద్ధురాలిని వెనక్కి పంపితే, బయటినుంచి చూసేవారు గుమాస్తాను నిందిస్తారు. ఆ బల్ల వెనుక కూర్చున్నవారికి మాత్రం, ఆ అక్షరాన్ని దిద్దే అధికారం గుమాస్తాకు లేదని, దిద్దవలసింది నియమాన్నేనని తెలుస్తుంది.

దీనికి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ జీవితం మంచి ఉదాహరణ. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో మంటలు చెలరేగి 146 మంది మరణించినప్పుడు, తలుపుకు తాళం వేసి ఉండటంతో బయటపడే దారిలేక కార్మికులు పై అంతస్తుల కిటికీల నుంచి దూకడాన్ని ఆమె వీధిలో నిలబడి కళ్లారా చూశారు. ఆ దృశ్యాన్ని ఇంకా ఎందరో చూశారు. ఆమె ఆ తరువాత కర్మాగారాల పరిస్థితులపై జరిగిన విచారణలో, రాష్ట్ర కార్మిక శాఖలో ఏళ్ల తరబడి పనిచేసి, 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు. 1938లో కనీస వేతన చట్టం వచ్చేనాటికి, ఆ విషయంలో ఆమెకు కొత్తగా ఎవరూ నేర్పవలసింది పెద్దగా లేదు.

స్థానిక సంస్థల అనుభవాన్ని కూడా చిన్నచూపు చూడవద్దు. న్యాయవాది అయిన క్లెమెంట్ అట్లీ లండన్ పేదవాడల్లో బాలుర క్లబ్బు నడిపి, 1919లో అక్కడి స్టెప్నీ ప్రాంతానికి మేయరై, 1922లో పార్లమెంటుకు ఎన్నికై, 1945లో బ్రిటన్ ప్రధాని అయ్యారు.

పార్టీ పని వృథా అని నేననను. నలుగురి మాట వినడం, భిన్నాభిప్రాయాల మధ్య రాజీ కుదర్చడం అక్కడ బాగా అలవడతాయి. చిక్కల్లా జీవనోపాధితోనే: ఇల్లు గడవడానికి వేరే ఆధారం లేనివాడు, నాయకుడు తప్పు చేస్తున్నాడని తెలిసినా ఎదురు చెప్పలేడు. అందువల్ల నాలుగైదేళ్లు ఉద్యోగమో వృత్తో చేస్తూ, తీరిక వేళలు పార్టీకి ఇవ్వడం మేలు. వీలైతే ఇతరుల డబ్బుకు లెక్క చెప్పవలసిన పనిని ఎంచుకోమనండి.

ఈలోగా దగ్గరలోని స్థానిక సంస్థ ఏదైనా ప్రజలను అనుమతిస్తే, దాని బడ్జెట్ సమావేశానికి వెళ్లి మొదటినుంచి చివరిదాకా కూర్చుని రమ్మనండి. అది భరించలేనంత విసుగనిపిస్తే విధాన పరిశోధన, పాత్రికేయం వంటి దారుల గురించి ఆయనతో విడిగా మాట్లాడటానికి నేను సిద్ధం.