‘బహిర్గతం’ కావడమా, ‘గురి’ కావడమా?

సందేహం: మాది మిర్యాలగూడ. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేస్తున్నాను. అంటే రోగాలకూ వాటి కారణాలకూ ఐసీడీ-10 అనే అంతర్జాతీయ రోగ వర్గీకరణ పట్టికలోని కోడ్లు వేసే పని. కొత్తగా ఈ పనిలో చేరే మా ఊరి పిల్లల కోసం కోడ్లను తెలుగులో వివరిస్తూ, డబ్ల్యూ89కు ‘మానవ నిర్మిత దృశ్య, అతినీలలోహిత కాంతికి బహిర్గతం కావడం’ అని రాశాను. మా తెలుగు సారు ‘బహిర్గతం’ తప్పన్నారు. ‘అతినీలలోహితం’ అంటే బాగా ముదురు ఊదా అని కాదా అని ఇంకొకరు అడిగారు. ఏది సరైనది?

సమాధానం: మీ సారు చెప్పిందే సరి. బహిః, గతం కలిస్తే బహిర్గతం. బయటికి వచ్చినది అని అర్థం. రహస్యం బహిర్గతమవుతుంది, కుట్ర బహిర్గతమవుతుంది. ఈ కోడ్ కిందికి వచ్చే వెల్డింగ్ వెలుగు కంట్లో పడిన మనిషి ఎక్కడి నుంచీ బయటికి రాలేదు. ‘గురి’ అంటే లక్ష్యం కనుక, ‘కాంతికి గురికావడం’ అన్నప్పుడు దెబ్బ తగిలింది ఎవరికో స్పష్టంగా తెలుస్తుంది. ‘సోకడం’ అచ్చమైన మాటే అయినా, రోగాలు సోకడం మనకు బాగా అలవాటైనందున కోడింగ్‌లో అది అంటువ్యాధిని స్ఫురింపజేస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. ఇక్కడ ‘అతి’ అంటే మిక్కిలి కాదు, దాటినది. అతీంద్రియం, అతిమానుషం అన్న మాటల్లోని ‘అతి’ ఇదే. వర్ణపటంలో నీలలోహితపు అంచును దాటి, సుమారు 400 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యంతో ఉండే కిరణాలు కంటికి కనిపించవు కనుక వాటికి ‘ముదురు’ అనే మాటే వర్తించదు.

‘మానవ నిర్మిత’ తప్పు కాదు కానీ, నేనైతే ‘కృత్రిమ’ అంటాను. కృత్రిమ ప్రేమ, కృత్రిమ కొరత అని వాడి వాడి ఆ మాటకు నకిలీ అన్న మచ్చ తెచ్చాం గాని, దాని అసలు అర్థం ‘చేయబడినది’ అనే.

మీరు అడగని చిక్కు ఒకటుంది. సూర్యకాంతికి ఎక్స్32, మితిమీరిన సహజ ఉష్ణానికి ఎక్స్30 అని వేర్వేరు కోడ్లున్నాయి. తెలుగులో ‘ఎండ’ వెలుగూ అవుతుంది, వేడీ అవుతుంది. పాలమూరులో గాని నల్లగొండలో గాని మే నెలలో ‘ఎండ తగిలింది’ అంటే వెలుగు సంగతి ఎవరికీ తట్టదు, వడదెబ్బే తడుతుంది. అందువల్ల ఎక్స్32కు ‘ఎండకు గురికావడం’ అని రాస్తే, చదివే పిల్లలు దాన్ని ఎక్స్30గా పొరబడే ప్రమాదముంది. అక్కడ ‘సూర్యకాంతికి’ అనే రాయండి.

డబ్ల్యూ89 కారణాన్ని చెప్పే కోడ్ మాత్రమే, రోగాన్ని కాదు. వెల్డింగ్ వెలుగుకు నల్లగుడ్డు పైపొర వాచిన రోగికి ముందు హెచ్16.1 కిందికి వచ్చే కోడ్ రాసి, తరువాతనే కారణం చేర్చాలి. ఆ బాధ కొన్ని గంటల తరువాత గాని మొదలుకాదు కనుక, పొద్దంతా పని చేసిన మనిషి అర్ధరాత్రి లేచి ‘కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది, వెల్డింగ్ కొట్టింది’ అంటాడు. ఈ ‘కొట్టడం’ ఎండ కొట్టడం, వాసన కొట్టడం వంటిదే. ఇనుప రవ్వ ఎగిరి కంటికి కొట్టిందని అర్థం చేసుకుంటే కోడ్ వేరవుతుంది.