ర్యాంకు 412, చేతిలో 14,000 డాలర్లు: ఇల్లు తాకట్టు పెట్టి ఆడాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడుతున్నాను. సింగిల్స్‌లో నా ర్యాంకు 412. పోయిన ఏడాది 28 వారాలు టోర్నీలు ఆడాను. సింగిల్స్, డబుల్స్ కలిపి 21,400 డాలర్ల ప్రైజ్‌మనీ వచ్చింది, ఖర్చు 46,000 అయింది. పొదుపులో 14,000 మిగిలాయి. ఇంకో రెండేళ్లు గట్టిగా ప్రయత్నించాలని ఉంది. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి 60,000 తెస్తానంటున్నారు. ఇంకోవైపు తెలిసినాయన ఒకరు 50,000 ఇస్తాను, పదేళ్లపాటు నీ మొత్తం సంపాదనలో 20 శాతం నాకివ్వు అంటున్నారు. వాపసు మాత్రం అడగరట. ఏ దారి మంచిది? నా ఖర్చుల లెక్క, ఒప్పందం నకలు పంపుతున్నాను.

జవాబు: ఇల్లు తాకట్టు వద్దు. మీ ఆట మీద నమ్మకం లేక చెబుతున్న మాట కాదిది. అప్పు కిస్తీ నెలనెలా వస్తుంది, మీ డబ్బు గెలిచినప్పుడే వస్తుంది. మీకు మణికట్టు బెణికి మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే బ్యాంకు ఆగదు. పైగా బ్రేక్ పాయింట్ దగ్గర రెండో సర్వ్ వేసేటప్పుడు ఇంటి కిస్తీ గుర్తొచ్చిందంటే చెయ్యి బిగుసుకుపోతుంది. నాన్నగారి ప్రేమను కాదనమని నేననడం లేదు. కానీ ఆ ఇల్లు ఆయన ముసలితనానికి ఉన్న భరోసా. దాన్ని ఈ లెక్కలోకి తేకండి.

ప్రపంచం మొత్తమ్మీద మీకంటే ముందున్నది 411 మంది. అయినా ఏడాది చివర 24,600 లోటు తేలిందంటే, అది మీ ఒక్కరి కథ కాదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) 2013 లెక్కలు తీసి చూసినప్పుడు, ఆ ఏడాది పోటీల్లో దిగిన సుమారు 14,000 మందిలో దాదాపు సగం మందికి ఒక్క డాలరు ప్రైజ్‌మనీ కూడా రాలేదు. వచ్చింది, పోయింది సరిసమానమయ్యే ర్యాంకు మగవాళ్లలో 336, ఆడవాళ్లలో 253 అని తేలింది. అదీ కోచ్ ఖర్చు కలపకుండా. అప్పటినుంచి ప్రైజ్‌మనీ పెరిగింది, టికెట్లూ హోటళ్లూ పెరిగాయి. మీ లెక్క చూస్తే మాత్రం గీత ఎటువైపు ఉన్నారో తెలుస్తూనే ఉంది.

మీరు పంపిన లెక్కలో మూడు వారాల ట్రిప్ ఒకటి ఉంది. అన్నీ మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లుండే టోర్నీలే, ఒకే ఊళ్లో. మొదటి వారం మొదటి రౌండ్‌లో ఓడారు: 156 డాలర్లు. రెండో వారం క్వార్టర్‌ఫైనల్: 438. మూడో వారం ఒక మ్యాచ్ గెలిచి రెండోది ఓడారు: 258. మొత్తం 852. ఖర్చేమో విమానం 700, హోటల్ 21 రాత్రులకు 945, తిండి 525, రాకెట్ల స్ట్రింగింగ్ 240. అంటే 2,410. లోటు 1,558. ఇప్పుడు ఇంకోలా ఊహించండి. ఆ మూడో వారం మీరు టైటిల్ గెలిచేశారు. విజేతకు 2,160. అప్పుడు మూడు వారాల రాబడి 2,754, ఖర్చులు పోను 344 మిగిలేది. పన్ను కోత ఇంకా ముందుంది. కప్పు చేతిలో పట్టుకుని ఫొటో దిగిన మనిషికి మూడు వారాల కష్టానికి మిగిలేది ఇంత. ఈ పేజీ చూసి నాకు నిజంగా బాధేసింది.

కాబట్టి మీ ర్యాంకులో గెలుపులు ఖర్చులు తీరుస్తాయని ఆశపెట్టుకుని ప్లాన్ వేయకూడదు. ఈ మెట్టు దాటడానికి ఎన్ని వారాలు కావాలి, ఆ వారాలకు ఎంత ఖర్చవుతుంది అన్నదే లెక్క. మీ విషయంలో ఒక్కో వారానికి ఖర్చు సుమారు 1,643, రాబడి 764, లోటు 879. ఈ 879 అనే అంకె బాగా గుర్తుపెట్టుకోండి.

ఇంత లోటు భరించి ఎక్కడికి చేరాలంటే, 250 లోపలికి. అక్కడ డబ్బు తీరే వేరు. గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ (అసలు డ్రాలో చోటు కోసం ముందు జరిగే పోటీలు) ఆడే అవకాశం దాదాపు ఆ చుట్టుపక్కల ర్యాంకులకే వస్తుంది. 2024లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకు కూడా 25,000 డాలర్లు ఇచ్చారు, వింబుల్డన్‌లో 15,000 పౌండ్లు. యూఎస్ ఓపెన్‌లో అయితే మీ ఏడాది ప్రైజ్‌మనీ కంటే ఒక్క ఓటమికి ఎక్కువ! పైగా మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే ఏటీపీ 2024లో ‘బేస్‌లైన్’ పథకం పెట్టింది. కొన్ని షరతులతో ఏడాదికి కనీస ఆదాయానికి హామీ. మొదలుపెట్టిన ఏడాది అది ఇలా ఉంది: మొదటి వందమందికి 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 వరకు లక్షన్నర, 176 నుంచి 250 వరకు 75,000. తక్కువ పడితే ఆ తేడా వాళ్లు కలుపుతారు. 251వ వాడికి ఆ హామీ లేదు. ఇంత నిటారుగా ఉండే మెట్టు మామూలు ఉద్యోగాల్లో నేను చూడలేదు.

ఒక చిక్కు మీకు తెలిసిందే. ఈ వారం తెచ్చుకున్న ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాలు తిరిగేసరికి జారిపోతాయి. అందుకే ఏడాది మధ్యలో డబ్బు అయిపోయి ఆగితే, ఆడిన సగం కూడా వృథా అవుతుంది. డబ్బు ముందే చేతిలో ఉండి, ఏడాదికి సరిపడా ఉండాలి.

ఇక ఆ 50,000 సంగతి. ఈ దారి నాకు నచ్చింది. నష్టం వస్తే భరించగలిగిన మనిషి, తెలిసి తెలిసి భరించడానికి ముందుకొచ్చాడు. మీ రెండేళ్ల లోటు 24,600 చొప్పున 49,200. అంటే ఆట ఏమాత్రం మెరుగుపడకపోయినా ఆ డబ్బు రెండేళ్లకు సరిపోతుంది. ఇల్లు జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

నచ్చనిది ఒప్పందం రాసిన తీరు. ‘మొత్తం సంపాదన’ అని ఉంది. పోయిన ఏడాది లాంటి ఏడాదే మళ్లీ వస్తే 21,400లో 20 శాతం, అంటే 4,280, ఆయనకివ్వాలి. ఇప్పటికే 24,600 లోటులో ఉన్న మీరు అది ఎక్కణ్నుంచి తెస్తారు? ఆయన ఇచ్చిన డబ్బులోంచే. ఇంకోటి, రేపు రాకెట్ పక్కన పెట్టి కోచ్‌గా చేరితే ఆ జీతంలోంచి కూడా పదేళ్లు కోత పడుతుంది. నేనైతే దీన్ని ఇలా మార్చమని అడుగుతాను: ఏడాదికి 50,000 దాటిన ప్రైజ్‌మనీ మీద మాత్రమే ఆయనకు వాటా. ఆ గీత ఉంటే ఏది ఖర్చు, ఏది కాదు అనే గొడవే రాదు. మొత్తం కలిపి ఆయనకు లక్ష డాలర్లు చేరగానే ఒప్పందం ముగుస్తుంది. ఆట మానేసినా, గాయంతో ఆగిపోయినా అక్కడితో ముగుస్తుంది. కోచింగ్ జీతం, క్లబ్ లీగ్‌ల్లో ఆడితే వచ్చే డబ్బు ఇందులోకి రావు. ఇవి ఒప్పుకుంటే శాతం 20 అయినా 25 అయినా నాకు పెద్ద పట్టింపు లేదు.

ఆయనకు నచ్చజెప్పడం కష్టమేమీ కాదు. మీరు 75,000 సంపాదించిన ఏడాది ఆయనకు 15,000 బదులు 5,000 వస్తుంది, నిజమే. కానీ 3 లక్షలు వచ్చిన ఏడాది 60,000 బదులు 50,000. మీరు పైకి వెళ్తే ఆయన పెద్దగా పోగొట్టుకునేది లేదు. పైకి వెళ్లకపోతే మీరు మునగరు.

ఆయన ఎవరో, ఏ వ్యాపారమో కూడా ఆరా తీయండి. తప్పుగా అనుకోకండి, చిన్న టోర్నీల్లో డబ్బుకు ఇబ్బందిపడే ఆటగాళ్ల చుట్టూనే బెట్టింగ్ మనుషులు తిరుగుతారు. మీ ఫిట్‌నెస్ ఎలా ఉంది, రేపటి మ్యాచ్ ఆడతారా అని ముందే చెప్పమనే షరతు ఏ రూపంలో ఉన్నా సంతకం చేయొద్దు. మ్యాచ్ విషయంలో ఎవరైనా డబ్బు ఆశ చూపితే, మీరు కాదన్నా సరే, ఆ సంగతి టెన్నిస్‌లో అవినీతిని అరికట్టే ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీకి వెంటనే చెప్పాలి. టెన్నిస్ నిబంధనల ప్రకారం చెప్పకపోవడం కూడా నేరమే.

మీ 14,000లో 6,000 వేరే ఖాతాలో వేసి మర్చిపోండి. గాయమైతే వైద్యానికి, ఇంటికి తిరిగొచ్చే టికెట్‌కి. మిగిలిన 8,000 దగ్గర పెట్టుకోండి. ఈ డబ్బును షేర్లలో పెట్టే వయసే కదా అని ఎవరైనా చెప్తే వినొద్దు, రెండేళ్లలో వాడే డబ్బు అది. మీ ఆరోగ్య బీమా కాగితాలు ఒకసారి తీసి చదవండి. డబ్బు కోసం ఆడే ఆటలో తగిలిన గాయాలు చాలా పాలసీల్లో కవర్ కావు. అలాగైతే క్రీడాకారులకు వర్తించే పాలసీకి మారడం మీ మొదటి ఖర్చు కావాలి.

పన్ను గురించి మీరు అడగలేదు, కానీ ప్రైజ్‌మనీ మీద చాలా దేశాల్లో అక్కడికక్కడే కోత వేస్తారు. అమెరికాలో విదేశీ ఆటగాళ్లకు మామూలుగా 30 శాతం. ఆ కోత సర్టిఫికెట్ టోర్నీ ఆఫీసులో అడిగి తీసుకున్నాకే ఊరు విడవండి. ఇంటి దగ్గర పన్ను కట్టేటప్పుడు దాన్ని చూపించి తగ్గించుకునే వీలు సాధారణంగా ఉంటుంది.

879ని తగ్గించే మార్గాలు నాకంటే మీకే బాగా తెలుసు. నాకు కనిపించినవి రెండు మూడు చెబుతాను. ఆటగాళ్లకు బస ఇచ్చే ‘ఎం25’ స్థాయి టోర్నీలు (15,000 టోర్నీల పై మెట్టు) వెతికి ఎంచుకోండి. వాటికి పై మెట్టు అయిన ఛాలెంజర్ టోర్నీల మెయిన్ డ్రాలోకి వెళ్లగలిగితే హోటల్ వాళ్లే ఇస్తారు. డబుల్స్‌కి వారానికో భాగస్వామిని వెతకడం మానేసి ఒకరితో కుదుర్చుకోండి, గదీ పంచుకోవచ్చు. స్ట్రింగ్ 200 మీటర్ల రీల్ కొంటే, రాకెట్‌కి 12 మీటర్ల చొప్పున 16 రాకెట్లకు వస్తుంది. చిన్న మెషీన్ వెంట ఉంటే ఆ 240 బాగా తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీల్లో క్లబ్ లీగ్‌లు చూడండి. అక్కడ మ్యాచ్‌కి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. మీ ఏడాదిలో ముందే తెలిసిన రాబడి అదొక్కటే అవుతుంది.

ఆయన షరతులు మార్చనంటే ఏం చేయాలి? అప్పుడు వారాలు 20కి తగ్గించండి. లోటు 17,580. అందులో 8,000 మీ పొదుపు, మిగిలింది లీగ్, కోచింగ్ వారాలతో. ఏడాదికి సరిపోతుంది, రెండేళ్లకు కాదు. అలాంటప్పుడు ఏడాదే ఆడండి.

ఏ దారైనా తేదీలు ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఓడిన రాత్రి కాదు. 12 నెలలకు 320 లోపు, 24 నెలలకు 250 లోపు. మొదటి గడువుకు చేరకపోతే రెండో ఏడాది మొదలుపెట్టే ముందు నాన్నగారితో, కోచ్‌తో కూర్చుని మాట్లాడండి. ఈలోగా సీజన్ లేని నెలల్లో కోచింగ్ సర్టిఫికెట్ పరీక్షలు రాసేయండి.

ఆ కొత్త ఒప్పందం చేతికొచ్చాక ముందు ‘సంపాదన’ అనే మాటకు ఏమని అర్థం రాశారో చూడండి. అక్కడ ‘50,000 దాటిన ప్రైజ్‌మనీ’ అని లేకపోతే సంతకం పెట్టకుండా నాకు పంపండి.