కిడ్నీ కణాల పొర ఉబ్బితే కల్చర్ పాడైనట్టేనా?

బరంపురంలో ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తూ అడిగారు కదా: ఎం.డి.సి.కె. అనే కుక్క కిడ్నీ కణాల పొర ఫ్లాస్కు నిండాక అక్కడక్కడ ఉబ్బుతోంది, ట్రిప్సిన్ (కణాల పట్టు విడదీసే ఎంజైమ్) వేసినా కణాలు ఊడి రావడం లేదు అని.

ఉబ్బడం మంచి గుర్తేనండి. 1958లో మాడిన్, డార్బీ ఒక కాకర్ స్పానియల్ కుక్క కిడ్నీ నుంచి తీసిన ఈ కణాలు కిడ్నీ నాళిక (సన్న గొట్టం) గుణాన్ని ఇంకా వదల్లేదు. పైనుంచి ఉప్పు, నీరు లాగి అడుక్కి పంపుతాయి. ప్లాస్టిక్‌లోంచి నీరు దిగదు కాబట్టి పొర పూరీలా పొంగుతుంది. సన్న రంధ్రాల ఫిల్టర్ మీద పెంచి చూడండి, పొంగదు.

ఊడకపోవడానికి కారణం చాలాసార్లు కడగడంలోనే ఉంటుంది. మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం)లోని సీరం మిగిలిపోతే ట్రిప్సిన్‌ను అడ్డుకుంటుంది. కాల్షియం కణాల మధ్య అతుకును పట్టి ఉంచుతుంది. అందుకే కాల్షియం, మెగ్నీషియం లేని పి.బి.ఎస్. (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం)తో రెండుసార్లు కడగాలి. టి-25 (25 చదరపు సెం.మీ.) ఫ్లాస్కుకి 0.25 శాతం ట్రిప్సిన్-ఇ.డి.టి.ఎ. (ఇ.డి.టి.ఎ. కాల్షియాన్ని పట్టేస్తుంది) 1 మి.లీ. వేసి 37 డిగ్రీల్లో ఉంచండి. వేరే కణాలకు రెండు మూడు నిమిషాలు చాలు గానీ, ఈ మొండి ఘటాలకు 10–15 పట్టొచ్చు. మధ్యమధ్య మైక్రోస్కోపులో చూస్తూ, గుండ్రబడి విడివడగానే సీరం ఉన్న మీడియం 4 మి.లీ. పోసి ఆపేయండి. ఓపిక లేక ఫ్లాస్కును కొడితే ముద్దలుగా ఊడతాయి, కణాల లెక్క తప్పుతుంది. నిండి రోజులు గడిచేకొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది. ఫ్లాస్కు 80 శాతం నిండిన దగ్గరే పాసేజ్ చేయడం (కొత్త ఫ్లాస్కులోకి మార్చడం) మేలు.

వానాకాలం తేమలో బూజుతో జాగ్రత్త: ఇంక్యుబేటర్ ట్రేలో స్టెరైల్ డిస్టిల్డ్ నీళ్లే పోసి వారానికోసారి మార్చండి. మీడియం తేటగా ఉన్నా కణాలు మందగిస్తే మైకోప్లాస్మా (అతి చిన్న బాక్టీరియా) పరీక్ష చేయించండి. దానికి కణగోడ లేదు, అందుకే కణగోడను దెబ్బతీసే పెన్సిలిన్ దానిపై పనిచేయదు.