పాట నడుమ నుంచి ఒక ముక్క ఇస్తే పల్లవిని ఎలా పట్టుకోవాలి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వాట్సాప్ బృందంలో ఎవరో ఒక పాత సినిమా పాటలోని మూడు నాలుగు మాటలు రాసి పంపినప్పుడు, వరుస వినకుండా అక్షరాలు మాత్రమే చూసి అది ఏ పాటో కనిపెట్టడానికి పద్ధతి ఏదైనా ఉందా అన్నది మొదటిది. ‘ఓ మూగ మనసా’ అన్న ముక్కకు మీరందరూ ‘మూగమనసులు’ అని జవాబు రాస్తే పంపినవారు కాదన్నారు, అది ఎందుకు కాదు అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే మొదటిదానికి దారి అందులోనే దొరుకుతుంది.

ఆ ముక్క 1979లో వచ్చిన ‘గుప్పెడు మనసు’ సినిమాలోది. ‘మౌనమే నీ భాష’ అని మొదలయ్యే ఆ పాటను ఎమ్మెస్ విశ్వనాథన్ సంగీతంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడారు. ‘మూగమనసులు’ అంతకు పదిహేనేళ్ల ముందు, 1964లో వచ్చింది. మీరు పొరబడడానికి బలమైన కారణమే ఉంది. రెండు సినిమాలకూ ఆచార్య ఆత్రేయ పాటలు రాశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో, సూళ్లూరుపేట వైపు మంగళంపాడులో పుట్టిన ఆ మహాకవి ‘మనసు’ అన్న మాటను ఎన్ని పాటల్లో ఎన్ని విధాలుగా వాడారంటే, లోకం ఆయనకు ‘మనసు కవి’ అనే పేరే పెట్టుకుంది. అందువల్ల ముక్కలో ‘మనసు’ కనబడితే, ఆ మాటను పక్కన పెట్టి మిగిలిన మాటలను చూడడం మంచిది. అది ఏ పాటకైనా పనికివచ్చే మాట కాబట్టి ఏ పాటనూ పట్టి ఇవ్వదు.

మరి ఆ ముక్కలో మిగిలింది ఏమిటి? ‘మనసా’ అన్న పిలుపు మిగిలింది. అంటే పాడుతున్న మనిషి తన మనసును ఎదురుగా నిలబెట్టుకుని దానితోనే మాట్లాడుతున్నాడు. ‘మూగమనసులు’ సినిమాలో పడవ నడిపే గోపి పాడే పాటలను తలుచుకోండి. అతని నోట చిలక ‘సిలక’ అవుతుంది, చన్నీళ్లు ‘సన్నీళ్లు’ అవుతాయి. అతడు ఎదుటి మనిషితో మాట్లాడతాడు, ఎదుటి మనిషిని ఓదారుస్తాడు. ముక్కలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎటువంటి నోటితో మాట్లాడుతున్నారు అన్న రెండు సంగతులు తేల్చుకుంటే, తలలో మెదిలే పాటల్లో సగానికి సగం వాటంతట అవే తప్పుకుంటాయి.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మాది కందుకూరు పక్కన పల్లె. 2022లో జిల్లాలను మార్చినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది గాని, నా చిన్నతనమంతా అది ప్రకాశం జిల్లాయే. వర్జీనియా పొగాకు పండించే ప్రాంతం కాబట్టి, ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, వేలాడదీసిన తరువాత కొన్ని రోజుల పాటు రాత్రింబవళ్లు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కూర్చుని, వేడి హద్దు తప్పకుండా కాపలా కాయాలి. రేడియోలో వివిధ భారతి పాటలు ఆగిపోయాక నిద్ర పట్టకుండా ఉండడానికి మా పెద్దలు ఆడుకున్న ఆట ఇదే. ఒకరు చరణంలోని ఒక వాక్యం చెప్పాలి, ఇంకొకరు పల్లవి అందుకోవాలి. వరుస పాడకూడదు, మామూలుగా మాట్లాడినట్టు చెప్పాలి అన్నది ఆ ఆటకు ఉన్న ఒకే ఒక నియమం. ఇప్పుడు తెర మీద అక్షరాలుగా వచ్చే ముక్కలకూ ఆనాటి ఆటకూ తేడా లేదు, రెండింటిలోనూ వరుస దాచిపెట్టే ఉంటుంది. నేను తొందరపడి ఏదో ఒక సినిమా పేరు చెప్పబోతే, మా చిన్న మామ వెంటనే ఆపి, ‘ఎవురు ఎవురితో చెప్తా ఉండారో ముందు అది చూడు’ అనేవాడు.

ఆయన చెప్పిన మాటకు ‘ఆకాశవీధిలో’ అనే ముక్క కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ మాటతో మొదలయ్యే ప్రసిద్ధమైన పాటలు రెండు ఉన్నాయి. ఒకటి 1951 నాటి ‘మల్లీశ్వరి’లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాయగా, ఘంటసాల, భానుమతి పాడినది. రెండవది 1959 నాటి ‘మాంగల్యబలం’లో శ్రీశ్రీ రాయగా, ఘంటసాల, సుశీల పాడినది. ఛందస్సు లెక్క వేసినా ఇవి విడిపోవు. గురువుకు రెండు, లఘువుకు ఒకటి చొప్పున కూడితే ‘ఆకాశ’ ఐదు మాత్రలు, ‘వీధిలో’ ఐదు మాత్రలు. ఆ తరువాత వచ్చే ‘హాయిగా’ ఐదే, ‘అందాల’ కూడా ఐదే. అయితే మొదటి పాట ‘ఎగిరేవు’ అంటుంది, అంటే పైన పోయే మబ్బును పిలిచి దానితో మాట్లాడుతుంది. రెండవ పాట ‘ఊగెనే’ అంటుంది, అంటే జాబిలి ఏం చేస్తున్నాడో దూరం నుంచి చూసి చెబుతుంది. క్రియ ఒక్కటి దొరికితే చాలు, ఆ రెండు పాటలూ స్పష్టంగా వేరైపోతాయి. ‘మనసున’ అని మొదలయ్యే జంట కూడా ఇటువంటిదే. మల్లీశ్వరి పాటలో ఆ మాట వెంట మల్లెలు వస్తాయి, 1964 నాటి ‘డాక్టర్ చక్రవర్తి’లో శ్రీశ్రీ రాసిన పాటలో మళ్లీ మనసే వస్తుంది. రెండూ నాలుగేసి మాత్రల నడకే, రెండింటికీ సంగీతం సాలూరి రాజేశ్వరరావే. ఒంగోలుకు దగ్గరలోని దొడ్డవరంలో పుట్టిన భానుమతి గొంతులో మొదటిదాన్ని విన్న మా ప్రాంతం వారు మాత్రం ‘మల్లెల’ వరకు కూడా ఆగరు, ‘మనసున’ అనగానే ఆమె పేరు చెప్పేస్తారు. అది అభిమానం గాని పద్ధతి కాదు.

ముక్క పాట మధ్యలోది అయినప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటి ఉంది. వెంటనే పల్లవి కోసం వెనక్కి వెతుకుతాం. నా అనుభవంలో అది ఎన్నడూ పనిచేయదు. మనం పాటను తల నుంచి చివర వరకు విని నేర్చుకున్నాం కాబట్టి, జ్ఞాపకం ముందుకు నడుస్తుంది గాని వెనక్కి నడవదు. ఇచ్చిన ముక్కను మెల్లగా పైకి చదువుతూ, దాని తరువాత వచ్చే మాట కోసం ఎదురుచూడండి. ఆ మాట తట్టిందంటే ఇంకొక వాక్యం వస్తుంది, ఆ వాక్యం చరణం చివరకు చేరుస్తుంది, చరణం ముగిశాక పాట తనంతట తానే పల్లవికి మళ్లుతుంది. మన పాత పాటల కట్టడమే అటువంటిది. ఒక్కొక్క చరణం చివర కవి, సంగీత దర్శకుడు కలిసి పల్లవికి తిరిగి వచ్చే దారి వేసి ఉంచుతారు. ‘కునుకు పడితె మనసు కాస్త’ అని ఎవరైనా రాసి పంపారనుకోండి. వెనక్కి వెతికితే ఏమీ తోచదు. ముందుకు వెళితే మనసు కుదుటపడడం, కుదుటపడిన మనసు కలలు కనడం, ఆ కలల కలిమి, దాన్ని దోచుకునే దొరలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఆ దొరల వెనకనే ‘మూగమనసులు’లోని ‘పాడుతా తీయగా’ అన్న పల్లవి వచ్చి నిలబడుతుంది.

ఇంతకీ ఈ పాటలో ఒక చిక్కు ఉంది, దానిని ఎరిగి ఉండడం మంచిది. పల్లవిలోని ‘పాడుతా’, ‘తీయగా’, ‘సల్లగా’ అన్న మాటలు ఒక్కొక్కటి ఐదు మాత్రలవి. చరణంలోని ‘కునుకు’, ‘పడితె’, ‘మనసు’, ‘కాస్త’ ఒక్కొక్కటి మూడు మాత్రలవి. కాగితం మీద రెండింటి నడక వేరు కాబట్టి, చరణపు ముక్కను చదివిన చెవికి పల్లవి నడక తట్టదు. ఈ పాటకు సంగీతం కూర్చిన కె.వి. మహదేవన్ సాధారణంగా ముందు పాట రాయించుకుని తరువాత దానికి వరుస కట్టేవారు కాబట్టి, ఆయన పాటల్లో మాటల నడకే వరుసకు ఆధారం. అటువంటి పాటల ముక్కలు వచ్చినప్పుడు తొడ మీద వేళ్లతో తాళం వేసుకుంటూ, మూడేసి, నాలుగేసి, ఐదేసి మాత్రలుగా విరిచి చదివితే, ఏదో ఒక విరుపు దగ్గర వరుస దొరుకుతుంది. చిన్నప్పుడు బడిలో గురులఘువులు నేర్పిన మాస్టార్లకు నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకునేది ఈ ఆట ఆడేటప్పుడే.

అదే పాటలో ‘పోయినోళ్లు అందరూ మంచోళ్లు’ అన్న వాక్యం ఉంది. దాన్ని ముక్కగా ఇస్తే చాలామంది అది సామెత అంటారు గాని పాట అనరు. చావు పలకరింపులకు వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఆ మాట అంటూ ఉండగా విని విని, అది ఒక కవి రాసిన వాక్యమన్న సంగతే మరుగున పడిపోయింది. 1953 నాటి ‘దేవదాసు’లోని ‘కుడి ఎడమైతే’ అన్న మాటకూ అదే జరిగింది. కాబట్టి ముక్క చదవగానే ‘ఇది రోజూ వినే మాటే కదా’ అనిపిస్తే దాన్ని కొట్టిపారేయకండి, బాగా పేరు పొందిన పాట అయ్యే అవకాశం అప్పుడే ఎక్కువ. ‘పాడుతా తీయగా’ విషయంలో ఈ తరం పిల్లలకు ఇంకొక అడ్డు కూడా ఉంది. 1996లో మొదలైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కార్యక్రమం పేరు అదే కావడం వల్ల, పాట కూడా ఆయన పాడినదే అనుకుంటారు. అది ఘంటసాల పాడిన పాట. బాలు సినిమాల్లో పాడడం మొదలుపెట్టకముందే వచ్చినది.

అరుదైన మాట దొరికితే పని బాగా తేలికవుతుంది. మా బ్యారన్ దగ్గర ఒకరు ‘ముల్లుగర్రను చేతబట్టుకొని’ అని సగం చెప్పేలోపే, ఎప్పుడూ సినిమాల గురించి మాట్లాడని ముసలి రైతు ఒకాయన ‘ఏరువాకా సాగారో’ అని అందుకున్నాడు. 1955 నాటి ‘రోజులు మారాయి’ కోసం కొసరాజు రాయగా జిక్కి పాడిన పాట అది. ఎద్దులను తోలిన చేతికి ముల్లుగర్ర అన్న మాట ఒక్కటే చాలింది. అందుకే ముక్కను మీ బృందంలో వేర్వేరు పనులు చేసినవారికి చూపించండి. వ్యవసాయపు మాటకు రైతును, పూజ మాటకు గుడికి వెళ్లే అమ్మమ్మను, పడవ మాటకు ఏటి ఒడ్డున పెరిగినవారిని అడగడం వల్ల, ఒక్కరే కూర్చుని ఆలోచించేటప్పుడు అందని పాటలు అందుతాయి.

ఇంటర్నెట్‌లో వెతకడం గురించి కూడా ఒక మాట. అది పనికివస్తుంది గాని, సాహిత్యం చెవికి విని టైపు చేసినవారు ‘బ్రతుకు’ను ‘బతుకు’ అనీ, ‘కలసిన’ను ‘కలిసిన’ అనీ రాసి ఉంటారు కాబట్టి, మొత్తం వాక్యం కాకుండా రెండు గట్టి మాటలు మాత్రమే ఇచ్చి వెతకండి. ఆ రాతల్లో కవుల పేర్లు కూడా తారుమారు అయి ఉంటాయి. పేరు తేల్చుకోవాలంటే సినిమా మొదట్లో వేసే టైటిళ్లను, ఆ రోజుల్లో సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలను చూడడం మేలు. మా ఇంట్లో అటువంటి పుస్తకాలు కొన్ని ఇంకా పదిలంగా ఉన్నాయి, వాటి కాగితం పొడిపొడిగా రాలుతున్నా నేను బయట పడేయలేదు.

ఇక మీరే ముక్కలు పంపవలసి వచ్చినప్పుడు ఒక సంగతి పాటించండి. గాయకుడు పలికినది పలికినట్టే రాయండి. ‘సన్నీళ్లు’ అన్నదాన్ని శుద్ధి చేసి ‘చన్నీళ్లు’ అని రాస్తే, పడవవాడి నోరు పోతుంది, దానితో పాటు జవాబుకు దారీ పోతుంది. ముక్కలో కనీసం ఒక క్రియ ఉండేటట్టు చూడండి. ‘చందమామ’, ‘వెన్నెల’, ‘వలపు’, ‘మనసు’ మాత్రమే ఉన్న ముక్కకు నిజాయితీగా జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.