పాత ఇంటిని ఊరివాళ్లే బాగుచేసుకోవచ్చా? చేసుకోవచ్చు, ముందు కప్పెక్కండి

మీరడిగింది ఇది: ఊళ్లో వందేళ్లు దాటిన మండువా ఇల్లు (నడిమధ్య కప్పులేని వాకిలి, దాని చుట్టూ గదులు) ఉంది, స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో అందులో రాత్రిబడి నడిచిందని పెద్దలు చెబుతారు, వారసులు ఊళ్లో లేరు. కుర్రాళ్లం కలిసి చందాలేసుకుని బాగుచేసి గ్రంథాలయం పెడదామనుకుంటున్నాం, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖర్చు గురించి తర్వాత చెప్తాను. మొదలుపెట్టాల్సింది మాత్రం కప్పు దగ్గర. ముగ్గులు, రంగులు, గేటు, బోర్డు ఇవేవీ కాదు. గోడ నెర్రెలిచ్చినా పదేళ్లు నిలబడుతుంది. కప్పు కారితే రెండు మూడు వానాకాలాల్లో ఇల్లు నేలకొస్తుంది.

మాది కోనసీమ. నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మా ఊళ్లోనూ ఇలాంటి ఇల్లే ఉంది. కట్టినాయన ఆయుర్వేద వైద్యుడు. వీధి వసారాలో కూర్చుని చుట్టుపక్కల లంక గ్రామాల వాళ్లందరికీ మందులిచ్చేవారట. మధ్యలో మండువా, నాలుగు వైపులా వసారాలు, టేకు స్తంభాలు, తాటి దూలాలు. వారసులు హైదరాబాదులో కొందరు, అమెరికాలో కొందరు. కూల్చేసి స్థలం అమ్మేద్దామని ఒక దశలో అనుకున్నారు. మా పూర్వ విద్యార్థులు కొందరు వెళ్లి మాట్లాడితే, "మీరు చూసుకుంటామంటే మాకంటే సంతోషించేవాళ్లెవరు" అన్నారు. అలా మొదలైంది.

ఆదివారాలు పనిచేసేవాళ్లం. ఆర్టీసీ కండక్టరు ఒకాయన, ఇద్దరు వడ్రంగులు, డిగ్రీ చదివే పిల్లలు, డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లు. మొదట పెంకులు దింపాం. దింపే ముందు ప్రతి వరస ఫొటో తీసి, వాసాల మీద సుద్దతో నంబర్లు వేయించాను. ఇది చాలామంది చేయరు. తర్వాత ఏ వాసం ఎక్కడిదో తెలియక కొత్తవి కొంటారు. మంగుళూరు పెంకు తిరగేస్తే అడుగున ఫ్యాక్టరీ పేరు అచ్చుపోసి ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెట్టిన పెంకుల ఫ్యాక్టరీతో మొదలైన పరిశ్రమ అది, తర్వాత మన జిల్లాల్లోనూ అలాంటివి వెలిశాయి. పెంకు తిరగేసి పేరు చదవడం పిల్లలకి ఆటైపోయింది. క్లాసులో పారిశ్రామికీకరణ పాఠం ఎన్నిసార్లు చెప్పినా అంత శ్రద్ధగా వినలేదు వాళ్లు.

మీకు తప్పకుండా చెప్పాలనుకున్నది ఉత్తరపు గది సంగతి. చాలా ఏళ్ల కింద ఎవరో అద్దెకున్నవాళ్లు గోడలు చెమ్మ పడుతున్నాయని, నేల నుంచి ఛాతీ ఎత్తు దాకా సిమెంటు పూత పూయించారు. పైన పాత సున్నం పూత అలాగే ఉంది. సిమెంటు మీద వేసిన రంగు పొక్కులు పొక్కులుగా లేచి, తెల్లగా ఉప్పు పూసి ఉంది. రోహిణి కార్తె. బయట ఎండకి నేల మీద కాలు పెట్టలేం. మా పక్క ఊరి నుంచి పెద్ద మేస్త్రిగారిని పిలిపించాం. డెబ్బై దాటాయి ఆయనకి. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి సున్నం పనులు చేసిన మనిషి. తాపీ పిడితో గోడని అక్కడక్కడ కొట్టి చూశారు. పైన కొడితే గట్టిగా ఠంగుమంది. కింద సిమెంటు మీద కొడితే డొల్ల చప్పుడు.

"టీచరుగారూ, ఇది గోడకి దుప్పటి కప్పేశారండీ. లోపలిది ఎలా ఉందో చూద్దురుగాని" అని ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశారు. బల్లంత పలక ఒక్కసారిగా ఊడి కింద పడింది. వెనక ఇటుక ఎర్రగా, తడిగా ఉంది. మే నెలలో! ఇటుకల మధ్య సున్నం పిల్లల చేతుల్లోకి ముద్దముద్దగా వచ్చేసింది. ఒకమ్మాయి అరచెయ్యి గోడకి ఆనించి, "టీచర్, చల్లగా ఉంది" అంది. అదే గోడ మీద, సిమెంటు గీత పైన జానెడు ఎత్తులో పాత పూత పొడిగా, చెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా ఉంది. వందేళ్ల నాటిది బాగుంది, దాన్ని కాపాడటానికని వేసింది గోడని తినేసింది.

మేస్త్రిగారు అక్కడితో ఆగలేదు. నిచ్చెన వేయించి, ఆ గోడ మీద ఆనిన దూలం చివర చూడమన్నారు. మా వడ్రంగి స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. బయటికి ఏమీ తెలియదు, రంగు వేసి ఉంది. లోపల చెద. నేల నుంచి పైకి పాకే చెమ్మ సున్నం పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. దారి దొరక్క ఆ నీళ్లు గోడ లోపలే నిలిచిపోతాయి, తడి గోడలోంచి చెద పైకి పాకి దూలాన్ని పట్టుకుంటుంది. ఇంజినీర్లు నన్ను తిట్టినా సరే, నా అభిప్రాయం ఒకటే. మన జిల్లాల్లో పాత ఇళ్లు వయసు మీద పడి పోయినవి తక్కువ. సిమెంటు పూతలకి, స్లాబు అతుకులకి పోయినవే ఎక్కువ. కొత్త ఇంటికి సిమెంటు వాడుకోండి, కాదనను. సున్నంతో కట్టిన గోడకి మాత్రం సున్నమే పూయాలి.

సున్నం దొరకదంటారు. దొరుకుతుంది, అడిగేవాళ్లు లేరు. మా వైపు గుల్లలు కాల్చి చేసే సున్నం ఉంది, మీ వైపు రాతి సున్నం దొరకొచ్చు. గొయ్యి తీసి నీళ్లలో సున్నం వేస్తే కుతకుతా ఉడుకుతుంది, ఆవిరి లేస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి, పనిచేసేవాళ్లకి కళ్లద్దాలు, గ్లవుజులు ఇవ్వండి. కంట్లో పడితే చూపు పోతుంది. చల్లారాక నీళ్లు మీద నిలిచేలా వారాల తరబడి నాననివ్వాలి. ఎంత నానితే అంత మేలు. కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లంతో కలిపి నానబెట్టిన నీళ్లు విడిగా ఉంచుకుంటారు. ఇసుక, సున్నం కలిపేటప్పుడు ఆ నీళ్లు పోస్తారు. పూర్వం దీన్నంతా గానుగలో, రాతి చక్రం కింద ఎద్దులతో తిప్పించి డంగు, అంటే మెత్తటి సున్నపు ముద్ద, చేసేవారు. మాకు గానుగ లేదు కాబట్టి రోకళ్లతో దంచారు మా ఆడవాళ్లు. చేతులు నొప్పెట్టినా వదల్లేదు. సున్నం సిమెంటులాగా రాత్రికి రాత్రి గట్టిపడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. అందుకే పల్చగా పూతమీద పూత వేయాలి, తడి గోనెలు కప్పి ఉంచాలి. ఎండకి గబగబా ఆరితే పొడిలా రాలిపోతుంది. "ఎప్పటికి అయిపోతుంది" అని రోజూ అడిగేవాళ్లని పని దగ్గరికి రానివ్వకండి.

ఇంకో బాధ ఉంది, చెప్పక తప్పదు. మేము కప్పు దింపిన వారం నుంచి తలుపులు కొంటామని మనుషులు రావడం మొదలైంది. వ్యాన్లేసుకుని వస్తారు. చెక్కుడు పనున్న ద్వారబంధాలు, స్తంభాలు, దూలాల కింది చెక్క దిమ్మెలు, అన్నీ నగరాల్లో హోటళ్లకి, ఫామ్‌హౌస్‌లకి పోతున్నాయి. ఊళ్లో ఉంటే ఇల్లు. విడదీసి పట్టుకుపోయి హోటల్ గోడకి తగిలిస్తే అలంకారం. వారసులకి ఫోన్లు చేసి మరీ ధరలు చెబుతారు. మీరు పని మొదలుపెట్టే రోజే, తలుపులన్నీ ఫొటోలు తీసి, ఎన్ని ఉన్నాయో రాసి, ఆ కాగితం మీద వారసుల సంతకం తీసుకోండి. టేకు తలుపులకి నిగనిగలాడే ఎనామిల్ పెయింటు వేసే దాతల్ని కూడా మర్యాదగా ఆపండి. నూనె రాస్తే చాలు.

కొందరు "ఇదంతా ప్రభుత్వం చేయాలి కదా" అంటారు. చేయాల్సినవి చేయాలి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు ఈరోజు చూడగలుగుతున్నాం. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం తలుచుకుని, ఆ ఇంట్లో నిలబడితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. విజయనగరంలో గురజాడవారి ఇల్లు ఉంది. కానీ రక్షిత కట్టడాల జాబితాలోకి వెళ్లేవి ఎన్ని? మా వైద్యుడిగారి ఇల్లు ఏ జాబితాలోకీ రాదు. మీ రాత్రిబడి ఇల్లూ రాదు. ఊరికి తప్ప ఎవరికీ పట్టని ఇళ్లవి, ఊరే చూసుకోవాలి.

జాబితా ఉన్నచోట కూడా మనుషులు నిలబడితేనే నిలిచింది. హైదరాబాదులో ఎర్రమంజిల్ ప్యాలెస్ స్థలంలో కొత్త శాసనసభ కడతామని 2019లో ప్రభుత్వం నిర్ణయిస్తే, మామూలు పౌరులు కోర్టుకెళ్లారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇటు కడప సంగతి చూడండి. బ్రౌన్ దొర 1820లో కడపకి వచ్చి, బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని సొంత జీతంతో తాళపత్రాలు పరిష్కరింపజేశారు. ఆ బంగళా మనకి మిగల్లేదు, శిథిలమైపోయింది. ఆ స్థలంలోనే గ్రంథాలయం రావాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, చందాలు పోగుచేసి సాధించారు. ఆయన లేకపోతే ఈరోజు అక్కడ ఏముండేదో ఊహించుకోవడానికే భయం. అయినా నాకు ఒక్కటే మనసులో ముల్లులా ఉంటుంది. ఆ ఇంటి కప్పు మీదికి ఓ యాభై ఏళ్ల ముందు ఎవరైనా ఎక్కి నాలుగు పెంకులు సర్ది ఉంటే?

అందుకే మా గుంపులో నేను పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుంది. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలొద్దు, ఆ డబ్బు ఏటేటా చేసే పనికి దాచాలి. ప్రతి సంవత్సరం మృగశిర కార్తె లోపు కప్పెక్కి, పగిలిన పెంకులు మార్చి, రాలిన ఆకులు తీసి, మండువా తూము పొడిచి శుభ్రం చేయాలి. మండువాలో పడ్డ నీళ్లు అరగంటలో బయటికి పోవాలి. పోకపోతే పునాదిలోకి పోతాయి. పోయిన తుఫాను రాత్రి కండక్టరుగారు టార్చిలైటుతో వెళ్లి ఆ తూమే చూసొచ్చారు. బాగుచేసిన ఏడాది అందరూ వస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. మూడో ఏడు ఎవరొస్తారన్నదే మీ అసలు ప్రశ్న. ఇప్పుడే పేర్లు రాసుకోండి.

ఖర్చంటారా. ఇల్లు చూడకుండా అంకె చెప్పేవాళ్లని నమ్మకండి. చేతిలో ఎంత ఉన్నా సగం పైగా కప్పుకీ, దూలాలకీ పెట్టండి. తర్వాత తూము, ఇంటి చుట్టూ నీళ్లు పోయే వాలు. ఆ తర్వాత గోడలు. నేల చివర, రంగు ఇంకా చివర. పెంకులు, టేకు ముక్కలు కొత్తవి కొనకండి, మీ చుట్టుపక్కల ఇళ్లు కూల్చేచోట అడిగితే చౌకగా ఇస్తారు, నాణ్యత కూడా పాతదే మేలు. గ్రంథాలయం బల్లలు, ఫ్యాన్లు దాతల చేత ఇప్పించండి. వాటికి దాతలు సులువుగా దొరుకుతారు, పేరు రాసుకోవచ్చు కాబట్టి. దూలానికి మాత్రం చందాలే దిక్కు.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. నోటిమాట మీద పని మొదలుపెట్టొద్దు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించాల్సిందే, లేకపోతే చెల్లదు. వారసులు అందరూ సంతకం పెట్టాలి, ఊళ్లో ఉన్న ఒక్కరి సంతకం సరిపోదు. మా దగ్గర దీనికే అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పడ్డాం, సున్నం నానబెట్టడం దీని ముందు చాలా సులువు.

మీ ఇంటి ఫొటోలు పెట్టండి, చూసి చెప్తాను. ముఖద్వారం ఫొటో వద్దు, దాన్ని చూస్తే ఏమీ తెలియదు. కప్పు లోపలి నుంచి తీయండి, దూలాలు గోడలోకి వెళ్లే చివరలు తీయండి, గోడల అడుగున మోకాలెత్తు దాకా తీయండి. వాన పడుతున్నప్పుడు మండువా వీడియో ఒకటి తీస్తే ఇంకా మంచిది.