డాక్టర్ సలహా: ఫోను సంగతి తర్వాత.. ముందు బాబుకి రక్తపరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. మా ఆయన వైజాగ్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలం. వానలకి దారిలో కల్వర్టు కొట్టుకుపోయి బస్సు తిరగడం లేదు. రెండు వారాలుగా పిల్లలు బడికి వెళ్లక ఇంట్లోనే ఉన్నారు. పాప ఆరో తరగతి, ఇల్లు పీకి పందిరేస్తోంది. బాబుకి పదిహేనేళ్లు, 42 కిలోలు ఉంటాడు, ఈ ఏడు మెట్రిక్ రాయాలి. వాడేమో పొద్దస్తమానం మంచం మీద ఫోను పట్టుకుని పడుకుంటున్నాడు. అన్నం సరిగా తినడు, పుస్తకం తెరవడు, ఎవరితోనూ మాట్లాడడు. ఫోనుకి అలవాటు పడిపోయాడని టెన్షన్‌గా ఉంది. పిల్లలకి ఎలాంటి టైమ్‌టేబుల్ పెట్టాలి? స్నేహితులకి దూరమైపోకుండా ఏం చేయాలి? వారం నుంచి బాబుకి రోజు విడిచి రోజు సాయంత్రం చలి పెట్టి జ్వరం వస్తోంది. మందుల షాపులో కలిపి ఇచ్చిన మాత్రలు వేశాను. నిరుడు మా ఆయనకి మలేరియా వచ్చినప్పుడు మిగిలిన బిళ్లలు రెండు ఉంటే అవీ ఇచ్చాను. నిన్నటి నుంచి జ్వరం లేదు. వానలకి ముందు మునిగుడ దగ్గర అమ్మమ్మ ఊళ్లో పది రోజులు ఉండి వచ్చాడు.
– ఓ తల్లి, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసిందాంట్లో ఎక్కువ భాగం ఫోను గురించే ఉంది. జ్వరం సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేశారు. నాకు మాత్రం ఆ నాలుగు ముక్కలే ముఖ్యం. ఫోను ఎంత చూసినా చలి, వణుకు రావు. వారం రోజులుగా రోజు విడిచి రోజు జ్వరం వస్తున్న పిల్లాడు మంచం దిగకపోయినా, అన్నం వద్దన్నా, పుస్తకం ముట్టకపోయినా అది బద్ధకం కాకపోవచ్చు. ఒంట్లో శక్తి లేక పడుకుని ఉండొచ్చు. పడుకున్నవాడి చేతిలో ఫోను ఉంది కాబట్టి మీకు ఫోను కనబడుతోంది.

ముందు మలేరియా పరీక్ష చేయించండి. రేపు, ఎల్లుండి అనకండి. ఇది చదివిన రోజే చేయించండి. కల్వర్టు పోయి గుణుపురం ఆసుపత్రికి వెళ్లడం కష్టమైతే మీ ఊరి ఆశా దీదీని పిలవండి. ఆమె దగ్గర మలేరియా కిట్ ఉంటుంది. వేలి మీద గుచ్చి చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. డబ్బులేమీ అక్కర్లేదు. మలేరియా తేలితే మందు కూడా ఉచితంగానే ఇస్తారు.

నేను ఇంత తొందర పెట్టడానికి కారణం ఉంది. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి, కలహండి వైపు కొండ ప్రాంతాల్లో మలేరియా కొత్త కాదు. అందులోనూ ఇక్కడ ఎక్కువగా కనబడేది ఫాల్సిపేరం రకం. మెదడుకి, మూత్రపిండాలకి ఎక్కి ప్రాణం మీదకి తెచ్చేది అదే. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దారి లేని ఊళ్లకి కూడా వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్షలు చేశారు, దోమతెరలు పంచారు. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలు దాటిన కేసులు 2018 నాటికి 70 వేల లోపుకి వచ్చాయి. గొప్ప విషయమే. కానీ కేసులు తగ్గాయని మనం భయం కూడా తగ్గించుకున్నాం. ఇప్పుడు చలిజ్వరం వస్తే 'వానలో తడిశాడు, జలుబు చేసింది' అంటున్నారు. మీ అబ్బాయి మునిగుడ వైపు పది రోజులు ఉండి వచ్చాడన్నారు. అక్కడ దోమతెర లేకుండా పడుకున్నాడేమో అడగండి. దోమ కుట్టాక మామూలుగా ఒకటి రెండు వారాలకి గానీ జ్వరం బయటపడదు. కొన్నిసార్లు నెల కూడా పడుతుంది. అందుకే ఎక్కడ అంటుకుందో చాలామందికి తట్టదు.

ఇక మందుల విషయం. కోప్పడుతున్నానని అనుకోవద్దు, ఈ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మిగిలిపోయిన మలేరియా బిళ్లలు రెండు వేయడం వల్ల జబ్బు నయం కాదు. ఒంట్లో చేరిన మలేరియా పురుగు కొంత చచ్చి, కొంత మిగులుతుంది. జ్వరం రెండు రోజులు తగ్గినట్టు ఉంటుంది, మీరు ఊపిరి పీల్చుకుంటారు, అది లోపల మళ్లీ పెరుగుతుంది. పైగా ఆ సగం మోతాదు వల్ల రక్తపరీక్షలో మలేరియా కనబడకుండా పోయే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో మిగిలినవి క్లోరోక్విన్ బిళ్లలైతే ఫాల్సిపేరం రకానికి అవి పనిచేస్తాయన్న భరోసా లేదు. ఆ రకానికి ఇచ్చే మందు వేరు. ఆర్టిమిసినిన్ జాతి మందుని మరో మందుతో కలిపి మూడు రోజులు ఇస్తారు. మలేరియాలోనే ఇంకో రకం వైవాక్స్. అదైతే క్లోరోక్విన్ మూడు రోజులు ఇచ్చి, కాలేయంలో దాక్కున్న పురుగు పోవడానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. ఆ 14 రోజుల మందే చాలామంది సగంలో ఆపేస్తారు. జ్వరం పోయింది కదా, ఇంకెందుకు అంటారు. ఆపేసిన బిళ్లలు అలమరలో దాచుకుంటారు, మరుసటి ఏడు ఇంట్లో ఇంకొకరికి వేస్తారు. మీ ఆయన విషయంలో కూడా అదే జరిగి ఉంటుందని నా అనుమానం. బిళ్లలు మిగిలాయంటే ఆయన కోర్సు పూర్తి చేయలేదన్నమాట. ఆయనకి మళ్లీ ఎప్పుడైనా చలిజ్వరం వస్తే అక్కడ వైజాగ్‌లోనే పరీక్ష చేయించుకుని, నిరుడు మలేరియా వచ్చిన సంగతి డాక్టరుకి చెప్పమనండి.

ప్రైమాక్విన్ అందరికీ పడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకి ఆ మందుతో ఎర్ర రక్తకణాలు పగిలి, మూత్రం నల్లగా రావచ్చు. మన వైపు ఈ లోపం ఉన్నవాళ్లూ ఉన్నారు, సికిల్‌సెల్ అనే ఎర్ర రక్తకణాల జబ్బు ఉన్నవాళ్లూ ఉన్నారు. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి వేయొద్దని మేం పదేపదే చెప్పేది ఇందుకే.

షాపులో కవర్లో కలిపి ఇచ్చే నాలుగు రకాల మాత్రలంటే నాకు మరీ భయం. అందులో స్టెరాయిడ్ ఉంటే జ్వరం వెంటనే దిగుతుంది, పిల్లాడు హుషారుగా కనబడతాడు, లోపలి జబ్బు ముదురుతుంది. ఆ కవర్లో ఏం ఉన్నాయో చూడకుండా నేను చెప్పలేను. ఇకమీదట అవి వేయకండి. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే పారాసిటమాల్ ఒక్కటే చాలు. 42 కిలోల పిల్లాడికి మామూలుగా 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, మాత్రకీ మాత్రకీ మధ్య ఆరు గంటలు, రోజు మొత్తం మీద నాలుగుకి మించకుండా ఇస్తాం. కాలేయం జబ్బు ఉన్నా, కళ్లు పచ్చగా ఉన్నా అదీ డాక్టరుని అడిగాకే. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేయకండి. ఆస్పిరిన్ వద్దు. డెంగ్యూ కాదని తేలేదాకా బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలూ వద్దు.

మలేరియా లేదని రిపోర్టు వచ్చినా అక్కడితో వదిలేయకండి. జ్వరం మళ్లీ వస్తే, వచ్చిన సమయంలోనే ఇంకోసారి రక్తం చూపించండి. డెంగ్యూ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే ఉండొచ్చు. స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో తిరిగినవాళ్లకి సన్నటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. అది చంకల్లోనో, గజ్జల్లోనో, నడుం దగ్గరో ఉంటుంది, నొప్పి ఉండదు. పదిహేనేళ్ల పిల్లాడు సిగ్గుపడి మీకు చూపించడు. తననే అద్దంలో చూసుకోమనండి, లేదా డాక్టరుకి చూపించమనండి.

ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మగతగా ఉండి పిలిస్తే పలకకపోవడం, మాట తడబడటం, ఫిట్స్, తాగిన నీళ్లు కూడా నిలవకుండా వాంతులు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం లేదా బాగా తగ్గిపోవడం, ఎక్కడి నుంచైనా రక్తం రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రయినా, వానయినా ఆగొద్దు. కల్వర్టు అవతలి ఒడ్డుదాకా బండి రమ్మని, ఇవతల నుంచి మంచం మీద మోసుకెళ్లడానికి ఊళ్లో ఎవరు వస్తారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. గుణుపురంలో కాదంటే రాయగడ జిల్లా ఆసుపత్రి ఉంది. ఇంకా పైకి పంపాలా, ఎక్కడికి పంపాలా అన్నది అక్కడి డాక్టర్లు చెబుతారు.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. జ్వరం తేలి, మందు పడి, నాలుగు రోజులు కోలుకునేదాకా బాబుకి టైమ్‌టేబుల్ ఏదీ వద్దు. జావ, అన్నం, గుడ్డు, కొబ్బరినీళ్లు, ఏది సయిస్తే అది పెట్టండి. నిద్రపోనివ్వండి. ఆ వయసు పిల్లలకి మామూలు రోజుల్లోనే ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఫోను మాత్రం రాత్రి మీ మంచం దగ్గర పెట్టుకోండి. లాక్కోకండి. ఈ రెండు వారాలుగా స్నేహితులతో మాట్లాడటానికి వాడికి ఉన్న దారి అదొక్కటే. అది కూడా మూసేస్తే ఇంకా ముడుచుకుపోతాడు. గేములు, రీల్స్ చూసే సమయం తగ్గించి, మాట్లాడే సమయం పెంచండి. మీ ఊళ్లో సిగ్నల్ ఎక్కడ బాగా వస్తుందో వాడికి తెలుసు. ఒంట్లో బాగుంటే సాయంత్రం అక్కడ కూర్చుని క్లాసులో ఒక స్నేహితుడితో రోజుకి ఒక పాఠం అప్పజెప్పుకోమనండి. మెట్రిక్ పిల్లాడికి తోటివాడు కూడా చదువుతున్నాడన్న ధైర్యం చాలా పనిచేస్తుంది. లెక్కల మాస్టారికి మీరే ఫోన్ చేసి, ఏ అధ్యాయం నడుస్తోందో కనుక్కోండి. నాన్నతో వీడియో కాల్ రోజూ ఒకే వేళకి పెట్టుకోండి, అందులో మార్కుల సంగతి ఎత్తొద్దని మీ ఆయనకి చెప్పండి.

పాపకి పని కావాలి, అంతే. ఆ వయసు పిల్లలు రోజుకి కనీసం గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలి. వాన తెరిపి ఇస్తే బయట, లేకపోతే వసారాలో తాడాట, తొక్కుడుబిళ్ల. వీధిలో నలుగురు పిల్లల్ని పోగేసి రోజుకి ఒక ఇంటి వసారాలో కూర్చోబెట్టి చదివిస్తే పెద్దవాళ్లకీ భారం తగ్గుతుంది. మీ పిల్లలది ఒడియా మీడియం అయి ఉంటుంది. మన ఇళ్లలో తెలుగు గలగలా మాట్లాడి, రాయడం రాని పిల్లలు చాలామంది ఉన్నారు. అత్తగారికి చదవడం వస్తే పాపకి ఈ సెలవుల్లో తెలుగు అక్షరాలు నేర్పించమనండి. ఆమెకి చదువు రాకపోతే ఆమె చెప్పే కథలు పాప చేత ఒడియాలోనే రాయించండి. ఇది మందు చీటీ మీద రాసేది కాదు గానీ, ముసలివాళ్లకీ పిల్లలకీ ఇద్దరికీ మంచిదని నా నమ్మకం.

ఇంట్లో ఉన్నారు కదా, క్షేమమే అనుకోవద్దు. పొంగిన వాగు చూడటానికి పిల్లలు వెళ్లకుండా కాపు కాయండి. తడిసిన కరెంటు స్తంభం, స్టే వైరు ముట్టుకోనివ్వకండి. నీళ్లు మరగబెట్టి తాగించండి. అందరూ మంచాల మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. ఈ వానల్లో కట్లపాము రాత్రిళ్లు ఇళ్లలోకి వచ్చి, నేల మీద పడుకున్నవాళ్లని కుడుతుంది. చాలాసార్లు నొప్పీ ఉండదు, గాటూ కనబడదు. దోమతెర దోమనీ ఆపుతుంది, దాన్నీ ఆపుతుంది. ఎవరినైనా పాము కుడితే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కదలనివ్వకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉంటుంది.

జ్వరం పూర్తిగా నయమైన రెండు వారాలకి కూడా బాబు అలాగే ముభావంగా ఉంటే, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పెట్టకపోతే అప్పుడు మనసు సంగతి ఆలోచించాలి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్, దాని నంబరు 14416. ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు. 'బతకాలని లేదు' లాంటి మాట ఒక్కసారి అన్నా రెండు వారాలు ఆగకండి, వెంటనే చేయండి, వాణ్ని ఒంటరిగా వదలకండి.

మనిషిని చూడకుండా, ఉత్తరం చదివి చెబుతున్న సలహా ఇది. బాబుని పరీక్ష చేసిన డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి. ఆశా దీదీ వచ్చినప్పుడు పాపకీ, అత్తగారికీ, మీకూ కూడా రక్తం చూడమనండి. జ్వరం లేకపోయినా ఒంట్లో మలేరియా ఉండొచ్చు. పరీక్షకి వెళ్లేటప్పుడు షాపువాళ్లు ఇచ్చిన కవరు, మిగిలిన బిళ్లల స్ట్రిప్పు పట్టుకెళ్లండి. ఏ రోజు ఏ మాత్ర, ఎన్ని వేశారో ఒక కాగితం మీద రాసి డాక్టరుకి ఇవ్వండి. తిడతారని దాచొద్దు.