స్థలం మీ పేరున ఉంటే కట్టుకోండి, కానీ పునాది లెక్క ముందే వేసుకోండి

మీరు ఒంగోలులో అద్దెకుంటున్నారు. మీ ఆయన మెకానిక్ షెడ్డులో, మీరు బట్టల షాపులో పనిచేస్తే ఇద్దరికీ కలిపి నెలకు 23 వేలు వస్తోంది. అమ్మ ఇస్తానన్న రెండు సెంట్లలో ప్రభుత్వ పథకం కింద ఇల్లు కడితే నిలదొక్కుకుంటామా, అప్పుల్లో మునుగుతామా అని అడిగారు.

కట్టుకోండి చెల్లీ. మేం కట్టుకున్నాం కాబట్టే చెబుతున్నా.

మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పనికి వెళ్తారు, నేను మిషను కుడతాను. పదకొండేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారాం. అద్దె ఒక్కటే బాధైతే ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. ఇల్లు మారిన ప్రతిసారీ నా గిరాకీ పోయేది. జాకెట్టు ఇచ్చి వెళ్ళినావిడ మళ్ళీ వచ్చేసరికి మేం ఆ వీధిలో ఉండేవాళ్ళం కాదు. పెద్దాడికి రెండుసార్లు బడి మారింది. ఒక ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వలేదు, దారం రీళ్ళు మంచం కింద అట్టపెట్టెలో పెట్టుకునేదాన్ని. ఇప్పుడు కిటికీ పక్కన మిషను, దాని పైన సిమెంటు అరమర, అందులో రీళ్ళు రంగుల వారీగా ఉంటాయి. నాలుగేళ్ళుగా చిరునామా మారలేదు. పండగ సీజన్లో ఇద్దరు ఆడపిల్లలు నా దగ్గరకి పనికి వస్తున్నారు.

కరెంటు సంగతి చాలామందికి తట్టదు. అద్దె ఇంట్లో సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి 10 రూపాయలు తీసుకునేవారు. సొంత మీటరుకి మొదటి 30 యూనిట్లు 1.90, ఆపైన 75 దాకా 3 రూపాయల లెక్క. మిగతా చార్జీలన్నీ కలిపినా అప్పటి బిల్లులో సగం దాటట్లేదు.

ఇక కష్టం చెబుతా. మాకు 2020 డిసెంబరులో పల్లెలో ప్రభుత్వం నుంచి ఒకటిన్నర సెంటు పట్టా వచ్చింది, ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షల సాయం. ఆ డబ్బు ముందుగా చేతికి ఇవ్వరు. బేస్‌మెంటు లేచాక, గోడలు లేచాక, స్లాబు పడ్డాక ఫొటో తీసి జియో ట్యాగ్ చేస్తే (అంటే ఫొటోకి ఆ స్థలం గుర్తు జోడిస్తే), ఏ దశ బిల్లు ఆ దశకు పడుతుంది. అంటే పునాది మన డబ్బుతోనే లేవాలి. మాది నల్లరేగడి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైపైన పునాది తీస్తే గోడలు బీటలిస్తాయి. లోతుగా తీయాల్సి వచ్చింది, అనుకున్నదానికి దాదాపు రెట్టింపైంది. పైగా మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని నాలుగు నెలలు కనపడలేదు. ఆ టెన్షన్లో మూడు రూపాయల వడ్డీకి 60 వేలు తెచ్చాం. నెలకు 1,800 వడ్డీకే పోయింది, అది ఒక ఇంటి అద్దెతో సమానం. చివరికి నా గొలుసు బ్యాంకులో కుదువపెట్టి ఆ అప్పు తీర్చాకే ఊపిరాడింది. మొదటే ఆ పని చేసి ఉండాల్సింది. డ్వాక్రా ద్వారా వచ్చిన పావలా వడ్డీ రుణం 35 వేలు మాత్రం మాకు నిజంగా అక్కరకొచ్చింది. అన్నీ కలిపి ఇంటికి 4.60 లక్షలైంది.

వంటగది గట్టు మీద మాత్రం రూపాయి ఖర్చు పెట్టలేదు. మా ఆయన పనిచేసే చోట ఓనరు, పగిలిన బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ ముక్కలు తీసుకెళ్ళమన్నారు. ఆయనే వాటి అంచులు రుద్ది, అతికించారు. లైటు వేస్తే అందులో బంగారు చుక్కలు మెరుస్తాయి. ఇంటికొచ్చిన వాళ్ళంతా ముందు దాని మీదే చెయ్యి వేసి చూస్తారు.

మీది టౌను కాబట్టి 2024లో మొదలైన కేంద్రం ఇళ్ళ పథకం, ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద చూడండి. సొంత స్థలంలో కట్టుకునేవాళ్ళకి కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష ఇవ్వాలి. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి. మీది 2.76 లక్షలు, సరిపోతుంది. భార్యాభర్తలకి గానీ పెళ్ళికాని పిల్లలకి గానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఇల్లు మీ పేరున, లేదా ఇద్దరి పేరునా పెట్టించండి.

అన్నిటికన్నా ముందు అమ్మ చేత ఆ రెండు సెంట్లు మీ పేరున రిజిస్టర్ చేయించుకోండి. నోటిమాట మీద పునాది తీయొద్దు, రేపు అన్నదమ్ములతో మాటలు పడాల్సి వస్తుంది. తర్వాత గొయ్యి తీయించి మట్టి ఎలాంటిదో మేస్త్రీకి చూపించి, బేస్‌మెంటు వరకే ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఆ డబ్బు చీటీ పాడో, బంగారం మీదో సమకూరాకే వార్డు సచివాలయానికి వెళ్ళండి. మేస్త్రీ రాసిన లెక్క నాకు పంపితే, మాకు ఎక్కడెక్కడ పెరిగిందో పక్కన పెట్టి చూసి చెబుతాను.